నాన్నగారి ఫైలు జిప్పు తీయడానికి చెయ్యి రావడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నం గాజువాకలో ఉంటున్నాం. పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో 11 ఏళ్లుగా పని చేస్తున్నాను. ఎన్ని బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే పత్రాలు) వచ్చినా తడబడకుండా చూసేదాన్ని. మా నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. 14 నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆయన కాగితాలన్నీ ఒక జిప్పు ఫైల్లో ఫ్రిజ్ మీద ఉన్నాయి. దాని మీద ఆయన చేత్తో ‘ముఖ్యమైనవి’ అని రాసి ఉంది. అమ్మకి రావాల్సిన పింఛను సంగతి చూడాలి, ఎల్‌ఐసీ క్లెయిమ్ పెట్టాలి, సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యాలి. ఒక్కటీ కాలేదు. ప్రతి ఆదివారం ఇవాళ చేసేద్దాం అనుకుంటాను. సాయంత్రానికి చూస్తే వంటగది అలమరాలు సర్దుతూ ఉంటాను. ఇప్పుడు ఆఫీసులో కూడా తేడా వస్తోంది. పోయిన నెల ఒక ఫైలింగ్ మర్చిపోతే పార్టీకి లేట్ ఫీజు పడింది. ‘మీ నాన్న పనికే నీకు బద్ధకమా’ అంటోంది అమ్మ. ఒక సైకాలజిస్టు దగ్గరికి ఐదుసార్లు వెళ్లాను. మొదటి రోజు ‘ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ దెబ్బతింది’ అన్నారు. ఆ తర్వాత అన్నీ నాన్న గురించీ, ఛాతీలో ఎలా ఉంటుందనీ అడుగుతున్నారు. నేను వెళ్లింది పనులు కావడం లేదని, ఏడవడానికి కాదు. నా మెదడుకి ఏమైనా అయిందా? ఎమ్మారై తీయించుకోవాలా? ఇది మానేసి టైమ్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరమంటారా?

జవాబు: అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ వంటగది అలమరాల దగ్గరే ఆగిపోయాను. బద్ధకం ఉన్నవాళ్లు ఆదివారం పూట డబ్బాలన్నీ దించి, కడిగి, మళ్లీ వరసగా పెట్టుకోరు. మీ ఒంట్లో ఓపిక ఉంది, ఏదో ఒకటి చెయ్యాలన్న ఆత్రం ఉంది. ఆ ఒక్క ఫైలు దగ్గరికి మాత్రం చెయ్యి వెళ్లడం లేదు. పైగా అది ఫ్రిజ్ మీదే ఉంది. అలమరాలు సర్దుతున్నంతసేపూ మీ కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

ముందు అడిగినవాటికి సూటిగా చెబుతాను. థెరపీ మానొద్దు. మీరు రాసిన లక్షణాలకి మీకు మీరుగా వెళ్లి ఎమ్మారై తీయించుకోవాల్సిన పని లేదు. కొత్తగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడడం లాంటివి ఉంటే అది వేరు, వెంటనే డాక్టరుకి చూపించాలి. మీ ఉత్తరంలో అవేవీ లేవు. ఇక టైమ్ మేనేజ్‌మెంట్ కోర్సు. 11 ఏళ్లుగా ఓడల తేదీలు, గడువులు, లేట్ ఫీజుల మధ్య బతికిన మనిషికి గడువు గురించి ఎవరూ కొత్తగా నేర్పేది లేదు. మీ సైకాలజిస్టు పనుల సంగతి వదిలేసి నాన్న సంగతి పట్టుకున్నారని మీకు అనిపిస్తోంది. నాకు అలా అనిపించడం లేదు. పని ఎక్కడ ఆగిందో అక్కడే చూస్తున్నారు. అయితే ఎందుకు అడుగుతున్నారో మీకు విడమరచి చెప్పాల్సింది. ఐదు సిట్టింగులైనా మీకు ఆ లంకె తెలియలేదంటే లోపం మీది కాదు.

ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ అన్న మాట వింటే ఏదో పెద్ద జబ్బు పేరులా ఉంటుంది. మీ ఆఫీసు బల్ల దగ్గర రోజూ జరిగేదే అది. ఇన్‌వాయిస్‌లో విలువ చూసి, ఆ అంకెని మనసులో పట్టుకుని స్క్రీన్ మీద కొడతారు. ఆ కాసేపు పట్టుకోవడం ఒక పని. కొడుతుండగా ఫోన్ మోగితే ‘ఇది అయ్యాక’ అని చెయ్యి ఆపుకోవడం రెండోది. ఓడ రెండు రోజులు ఆలస్యమని కబురొస్తే, వేసుకున్న వరసంతా మార్చి ఇంకో పార్టీ పని ముందుకి తెచ్చుకోవడం మూడోది. పరిశోధకులు ఎక్కువగా ఈ మూడింటినే పునాదిగా చెబుతారు. ప్లాన్ వేసుకోవడం, మొదలుపెట్టడం, చివరిదాకా లాక్కురావడం వీటి మీదే నిలబడతాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది. అది ఒంటరిగా చెయ్యదు, మెదడులో చాలా చోట్లతో కలిసి చేస్తుంది.

మీరు పోర్టులో పని చేసే మనిషి కాబట్టి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మన ఇన్నర్ హార్బర్‌లోకి ఓడ రావాలంటే డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు దారిలోంచి రావాలి. పోర్టు పైలట్ పడవ మీద వెళ్లి, నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కి, దాన్ని జాగ్రత్తగా లోపలికి తెస్తాడు. సముద్రం బాగా పోటెత్తి ఉన్న రోజున ఆయన ఓడ ఎక్కలేడు. అలాంటప్పుడు ఆయనకి పని రాదని ఎవరూ అనరు. అల తగ్గేదాకా ఓడ బయటే లంగరు వేసుకుని ఉంటుంది. మీ నుదుటి వెనక ఉన్న పైలట్‌కి ఏ లోపమూ లేదు. ఫైలు వైపు చూసిన ప్రతిసారీ అల లేస్తోంది. మీ సైకాలజిస్టు అడుగుతున్నది ఆ అల గురించి.

ఇది ఊరికే చెప్పే పోలిక కాదు. యేల్ విశ్వవిద్యాలయంలో అమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా చేస్తున్న పని దీని మీదే. మామూలుగా నోర్‌ఎపినెఫ్రిన్, డోపమిన్ అనే రసాయనాలు తగుపాళ్లలో ఉంటేనే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చక్కగా పని చేస్తుంది. మరీ తక్కువైతే మందకొడిగా ఉంటుంది. మన అదుపులో లేని టెన్షన్ వచ్చి పడినప్పుడు అవి మోతాదు మించుతాయి, ఆ భాగంలో కణాల మధ్య సంబంధాలు తాత్కాలికంగా సడలిపోతాయి. అదే సమయంలో భయానికీ అలవాటుకీ సంబంధించిన పాత భాగాలు, ముఖ్యంగా బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా, బలం పుంజుకుంటాయి. ప్రాణం మీదకి వచ్చినప్పుడు కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి ఒంటికి ఇది పనికొచ్చే ఏర్పాటే.

2014 అక్టోబరు 12 మన ఊళ్లో ఎవరూ మర్చిపోరు. హుద్‌హుద్ తుఫాను గాలికి మా కిటికీ అద్దాలు పగిలాయి. కరెంటు లేదు, సెల్ పని చెయ్యదు. ఆ రాత్రి టార్చి కోసం బీరువా, బల్ల సొరుగు, మంచం కింద అంతా వెతికాను. టార్చి వెలుగుతూ నా చేతిలోనే ఉంది. దాని వెలుగులోనే దాని కోసం వెతికాను. అప్పటికి ఈ వృత్తిలో నాకు చాలా ఏళ్లు గడిచాయి, మెదడు గురించి చదువుకున్న మనిషినే. చదువు ఆ రాత్రి అక్కరకి రాలేదు. అందుకే ‘కాస్త బుర్ర పెట్టి ఆలోచించు’ అని ఎవరైనా కంగారులో ఉన్నవాళ్లతో అంటే నాకు బాధ కలుగుతుంది. బుర్ర పెట్టే వీలే ఆ క్షణంలో ఉండదు.

మీ ఇంట్లో తుఫాను ఎక్కడుంది అంటారేమో. ‘ముఖ్యమైనవి’ అన్న ఆ అక్షరాల్లో ఉంది. ఆయన చేతిరాత అది. లోపల డెత్ సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఆయన పేరు ఉంటుంది. ఆ జిప్పు తీసి, దరఖాస్తులో ‘మరణించిన తేదీ’ అన్న చోట అంకెలు వెయ్యడమంటే ఆయన లేరని మీ చేత్తో మీరు సంతకం పెట్టడమే. బిల్ ఆఫ్ ఎంట్రీకి ఆ బరువు లేదు. అందుకే అదే చెయ్యి, అదే బుర్ర, పోర్టులో చేసిన పని ఇంట్లో చెయ్యలేకపోతోంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆదివారం పొద్దున ఫైలు తీద్దామనుకోగానే గుండెలో బరువు. ‘ముందు ఈ అలమరా చూద్దాం’ అనుకోగానే ఆ బరువు దిగుతుంది. ఆ దిగడంలో సుఖం ఉంది, మెదడు దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాతి ఆదివారం ఇంకా తొందరగా అలమరా వైపు తిప్పుతుంది. పనులు వాయిదా వెయ్యడం మీద పరిశోధన చేసిన ఫ్యూషియా సిరోయిస్, టిమతీ పిచిల్ 2013లో చెప్పిన సంగతి కూడా ఇదే: వాయిదా అనేది అప్పటికప్పుడు మనసుని తేలిక చేసుకునే ప్రయత్నం, గడియారంతో వచ్చిన గొడవ కాదు. ఇప్పటికి దాదాపు 60 ఆదివారాలు మీ మెదడు ఈ పాఠం నేర్చుకుంది. దాని మీద ‘బద్ధకమా’ అన్న మాట పడితే ఫైలు మీద దుఃఖంతో పాటు సిగ్గు కూడా చేరుతుంది. అల ఇంకా పెద్దదవుతుంది.

మరి మనసుని పక్కన పెట్టేసి, యంత్రంలా చేసుకుపోతే పోదా? ఈ మాట నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడుగుతారు. దీనికి ఆంటోనియో డమాసియో అనే న్యూరాలజిస్టు 1994లో రాసిన ఒక రోగి కథ చెబుతాను. ఆ రోగిని ఆయన ఇలియట్ అని పిలిచారు. మెదడు ముందు భాగంలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు, దాంతో పాటు దెబ్బతిన్న కొంత భాగమూ పోయింది. తెలివితేటల పరీక్షల్లో ఇలియట్ బాగానే చేసేవాడు. జ్ఞాపకశక్తి బాగుంది, మాట బాగుంది. కానీ ఉద్యోగం నిలబెట్టుకోలేకపోయాడు. కాగితాలు సర్దమంటే తేదీ ప్రకారం సర్దాలా, సైజు ప్రకారం సర్దాలా అని మధ్యాహ్నమంతా ఆలోచిస్తూ ఉండిపోయేవాడు. డబ్బు పోయింది, సంసారం చెదిరింది. ఇదంతా చెబుతున్నప్పుడు అతని ముఖంలో ఏ బాధా కనిపించలేదని డమాసియో గమనించారు. దేనిమీదా ‘ఇది ముఖ్యం’ అన్న భావం కలగకపోతే ఏది ముందు చెయ్యాలో తేల్చడం కూడా మనిషికి చేతకాదు.

ఇలియట్‌కి భావం అందక కాగితాల ముందు ఆగిపోయాడు. మీరు భావం పొంగి ఆగిపోయారు. పైకి చూస్తే ఇద్దరివీ సర్దని కాగితాలే. కాబట్టి యంత్రంలా మారడం మీకు మందు కాదు. ఆ దుఃఖాన్ని ఉండనిస్తూనే, చెయ్యి ఆడే మట్టుకి దాని ఎత్తు తగ్గించడం మీకు కావాల్సింది.

ఛాతీలో ఎలా ఉంది అని మీ సైకాలజిస్టు అడగడం ఇందుకే. అల మరీ పైకి లేవకముందే ఒంట్లో తెలుస్తుంది. గొంతు బిగుసుకోవడం, భుజాలు పైకి లేవడం, ఊపిరి పైపైనే ఆడడం. అది మొదట్లోనే పట్టుకుని దానికి పేరు పెట్టగలిగితే సగం పని అయినట్టే. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్మన్ బృందం, భావోద్వేగం ఉన్న ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. ఆ ముఖంలో ఉన్నది ‘కోపం’, ‘భయం’ అని మాటల్లో పెట్టినప్పుడు అమిగ్డాలా స్పందన తగ్గింది, నుదుటి వెనక కుడివైపు ఒక భాగం చురుకయ్యింది. ఫొటోలకీ మీ ఇంటి దుఃఖానికీ చాలా తేడా ఉంది, అది నేను మర్చిపోలేదు. కానీ థెరపీ గదిలో మేము రోజూ చూసేది దీనికి దగ్గరగానే ఉంటుంది. ‘ఏదోలా ఉంది’ అన్న మనిషి ‘నాన్నని నేనే పంపించేస్తున్నట్టుంది’ అనగలిగిన రోజున భుజాలు దిగుతాయి. కళ్లలో నీళ్లు కూడా వస్తాయి. ఆ నీళ్లు వచ్చాకే చాలామంది ‘సరే, ముందు ఏ కాగితం కావాలి?’ అని అడుగుతారు.

ఆరో సిట్టింగుకి వెళ్లినప్పుడు మాత్రం మొహమాటపడకుండా అడగండి. ‘ఈ మాటలన్నీ నా ఫైలు దగ్గరికి ఎలా తీసుకెళ్తాయి? వచ్చే నెలకి మనం ఏం అనుకుంటున్నాం?’ అని. మంచి థెరపిస్టు దీనికి నొచ్చుకోరు. ఇంకో మాట కూడా చెప్పండి: ‘ఫైలు ఇక్కడికే తెచ్చుకోవచ్చా?’ మాటలు ఎంత జరిగినా, ఆ ఫైలుకి మీరు దగ్గరగా వెళ్లకపోతే మెదడు కొత్త పాఠం నేర్చుకోదు.

ఎలా జరుగుతుందో చెబుతాను. మొదటిసారి ఫైలు బల్ల మీద పెడతారు, అంతే. ముట్టుకోవాల్సిన పని లేదు. ఒంట్లో ఏం జరుగుతోందో సైకాలజిస్టుకి చెబుతారు. పాదాలు నేల మీద ఆనించి, ఊపిరి లోపలికి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదులుతారు. అలా నాలుగైదుసార్లు. తర్వాత ఆ చేతిరాత మీద వేలు పెడతారు. అక్కడ ఆగాలనిపిస్తే ఆగండి. ఆ రాత చూసి నాన్న గురించి చెప్పాలనిపిస్తే చెప్పండి, ఏ పెన్నుతో రాశారు, ఏ రోజు రాశారు, ఏం దాచుకునే అలవాటు ఉండేది. అప్పుడు జిప్పు. పైన ఏ కాగితం ఉంటే అది ఒక్కటి బయటకి తీస్తారు, అది ఏమిటో పైకి చదువుతారు, పక్కన పెడతారు. జిప్పు మళ్లీ వేసేస్తారు. ఆ రోజుకి చాలు. పారిపోకుండా, మీ అంతట మీరు ఆపారు కదా, మెదడు నేర్చుకునేది అదే.

ఇంటి దగ్గర చేసేటప్పుడు ‘ఆదివారం చేస్తాను’ అనుకోవద్దు. ఆదివారం చాలా పెద్దది. జర్మనీకి చెందిన సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ 1990లలో చూపించిన చిన్న ఉపాయం ఒకటి ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. పనిని ఒక రోజుకి కాకుండా, రోజూ జరిగే ఇంకో పనికి కట్టెయ్యాలి. ‘పొద్దున కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే, ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఫొటో కొడతాను.’ అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునే బరువు నుదుటి వెనక ఉన్న పైలట్ మీద పడదు, గ్లాసే గుర్తు చేస్తుంది. వరస కూడా మనసులో ఉంచుకోవద్దు. ఒక తెల్ల కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పింఛను పని పై గీత మీద పెట్టండి, అది నెల నెలా అమ్మ చేతికి రావాల్సిన డబ్బు. సచివాలయం పనికి తమ్ముడో, మరిదో, పక్కింటి కుర్రాడో ఎవరైనా ఉంటే వాళ్లకి అప్పజెప్పండి. నాన్న పని ఇంకొకరికి ఇచ్చినంత మాత్రాన మీ ప్రేమ తగ్గదు.

ఆఫీసులో తేడా గురించి నాకు కొంచెం వేరే ఆలోచన కూడా ఉంది. దిగులు మనసులో తిరుగుతూ ఉంటే అంకెలు పట్టుకునే చోటు తగ్గిపోతుంది, ఫైలింగ్ మర్చిపోవడానికి అది చాలు. కానీ నిద్ర ఎలా ఉందో మీరు రాయలేదు. తిండి సయిస్తోందా, ఏ పనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, అది కూడా రాయలేదు. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం ఈ మూడూ మతిమరుపునీ నీరసాన్నీ తెస్తాయి, మామూలు రక్తపరీక్షలతో తెలిసిపోతాయి. ఎమ్మారైకి పెట్టే డబ్బులో చిన్న వంతుతో ఇవి చేయించుకోండి. చిన్నప్పటి నుంచీ వస్తువులు పోగొట్టుకోవడం, ఏదీ పూర్తి చెయ్యలేకపోవడం ఉంటే ఏడీహెచ్‌డీ (చిన్నతనం నుంచే ఉండే ఏకాగ్రత సమస్య) గురించి ఆలోచించాల్సి వచ్చేది. మీ 11 ఏళ్ల ఆఫీసు చరిత్ర అలా లేదు. దుఃఖం ఎన్నాళ్లుంటే మామూలు, ఎప్పుడు చికిత్స కావాలి అన్నది కూడా సంవత్సరీకం లెక్కతో తేలదు. ఏడాది దాటినా రోజూ అదే తీవ్రతతో ఉండి, బతుకుని ఆపేస్తుంటే దానికి ఇప్పుడు వైద్యంలో ప్రత్యేకంగా పేరూ ఉంది, చికిత్సా ఉంది. మీ సంగతి అదా కాదా అన్నది ఎదురుగా కూర్చున్న మనిషే చెప్పగలరు.

ఫోన్లో వచ్చే మెదడు ఆటల యాప్‌లకి డబ్బు కట్టొద్దు. ఆడిన ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, అది ఫ్రిజ్ మీద ఫైలు దాకా వస్తుందని నమ్మడానికి గట్టి ఆధారం లేదు.

థెరపీ ఖర్చు భారమైతే కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) మానసిక వైద్య విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు లోపలికి వెళ్లడానికి మన ఊళ్లో ఇంకా జంకుతారు, జంకొద్దు. ఏ రాత్రయినా చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, భరించలేననిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416కి చెయ్యండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అమ్మ మాట గురించి చివరికి దాచాను. ‘మీ నాన్న పనికే బద్ధకమా’ అన్నందుకు మీకు ఎంత గుచ్చుకుందో ఉత్తరంలో తెలుస్తోంది. కానీ ఒక్కటి గమనించారా? ఆ ఫ్రిజ్ ఆవిడ వంటింట్లోదే. 14 నెలలుగా రోజుకి పదిసార్లు దాని తలుపు తీస్తూ వేస్తూ, పైన దుమ్ము తుడుస్తూ, ఆవిడ కూడా ఆ ఫైలు కిందకి దించలేదు. ఆవిడ పైలట్ కూడా ఓడ ఎక్కలేకపోతున్నాడేమో. ఇంట్లో మొదటిసారి జిప్పు తీసే రోజున వాదన పెట్టుకోకుండా, ‘అమ్మా, కాసేపు నా పక్కన కూర్చో, నాన్న రాత చూద్దాం’ అనండి. కాగితం తీయకపోయినా ఫర్వాలేదు, ఇద్దరూ ఆ అక్షరాలు కలిసి చూడండి.